పోయినవారి అప్పు, మిగిలినవారి బీమా

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మనమందరమూ చెవి ఒగ్గి వినేది ఆదాయ వ్యయాల దగ్గర. ఫలానా రాశివారికి ఆదాయం 5, వ్యయం 11 అని శాస్త్రులుగారు చదవగానే ఆ రాశివారు నవ్వుతూనే ముఖం కొంచెం చిన్నబుచ్చుకొంటారు. అయితే ఆ లెక్క అంతా యజమాని బ్రతికి వుంటాడన్న నమ్మకం మీద కట్టిన లెక్క. అతడే లేకపోతే ఆదాయం ఎవరిది, వ్యయం ఎవరిది అన్న ప్రశ్నకు పంచాంగంలో చోటులేదు. పండుగ సంచికలో ఇటువంటి ప్రస్తావన ఏమిటని పెద్దలు కోపగించుకోవచ్చును. కాని సొంత ఊళ్ళో భూమీ పుట్రా లేక, చేతిలో పని మాత్రమే వెంటబెట్టుకొని షోలాపూరుకూ, బొంబాయికీ, బరంపురానికీ వచ్చిన మనవంటివారి ఇండ్లలో సంపాదించే మనిషి పోయిన పదకొండోనాడే ఈ ప్రశ్న గుమ్మంలోకి వస్తుంది. ఒక చేత సావుకారు పత్రం, ఇంకొక చేత బీమా పాలసీ. ఈ రెండింటిలో ఏది ముందు? దీనికి మన దేశంలో జవాబు దొరకడానికి చాలా కాలం పట్టింది. ఆ కథ కొంత మన తెలుగువాళ్ళ కథ కూడాను.

మొదట అప్పు సంగతి. తండ్రి చేసిన అప్పు తీర్చడం కొడుకు ధర్మమని మన స్మృతికారులందరూ చెప్పారు. అప్పుతో చచ్చినవానికి పరలోకం లేదని, ఆ భారం దింపడానికే పుత్రుడు పుడతాడని ఆ కాలపు నమ్మకం. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర అనే వ్యాఖ్యానమే కడచిన తరందాకా మన కోర్టులలో హిందూ న్యాయానికి మూలాధారం. ఆ విజ్ఞానేశ్వరుడు పశ్చిమ చాళుక్యుల రాజధాని కల్యాణంలో వుండి ఆ గ్రంథం వ్రాశాడు. ఆ కల్యాణమే నేటి బసవకల్యాణం. మన షోలాపూరుకు పొరుగూరు వంటిది. తిక్కనగారి శిష్యుడు మూలఘటిక కేతన పదమూడో శతాబ్దంలో దానిని విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అనగా ఏడు వందల ఏళ్ళకు పూర్వమే అప్పుల న్యాయం తెలుగులో చదువుకొనే వీలు మనకు వుండేది.

ఈ స్మృతిలో రెండు విషయాలను మనవాళ్ళు చాలమంది మరచిపోయారు. ఒకటి, తండ్రి చేసిన ప్రతి అప్పూ కొడుకు తీర్చనక్కరలేదు. త్రాగుడుకు, జూదానికి, కాముకత్వానికి చేసిన అప్పులూ, కట్టక మిగిలిన జరిమానాలూ, సుంకాలూ, ఊరికే దానమిస్తానన్న మాటలూ కొడుకును కట్టివేయవు. రెండవది ఇంకా ముఖ్యమైనది. భర్త అప్పు భార్య తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు స్పష్టంగా చెప్పాడు. దానికి మూడే మినహాయింపులు: తాను తీరుస్తానని ఆమె ఒప్పుకొన్నది, భర్తతో కలిసి చేసినది, తానుగా చేసినది. మిగిలినదేదీ ఆమె మీద పడదు. పాఠకులు ఈ మొదటి మినహాయింపును గుర్తుపెట్టుకోవాలి. “ఒప్పుకొన్నది” అనే ఆ ఒక్క మాట చుట్టూనే ఇప్పటికీ ఎన్నో సంసారాలు కూలిపోతున్నాయి.

ఇంగ్లీషువారి కోర్టులు వచ్చిన తరువాత ఈ ధర్మం చట్టమై కూర్చున్నది. బొంబాయి ప్రెసిడెన్సీలో అది మరీ కఠినంగా వుండేది. తండ్రి గవ్వ ఆస్తి వదలకపోయినా కొడుకూ మనుమడూ తమ సొంత కష్టార్జితంలో నుంచి ఆయన అప్పు తీర్చవలసిందే. అంతేకాదు, వితంతువును పెండ్లిచేసుకొన్నవాడు ఆమె మొదటి భర్త అప్పులకు కూడా బాధ్యుడు! దీనిని తొలగించడానికి 1866లో హిందూ వారసుల ఉపశమన చట్టమని ఒకటి బొంబాయిలో చేయవలసివచ్చింది. ఆ చట్టం తరువాతనే, పోయినవాడి ఆస్తి ఎంత చేతికి వచ్చిందో అంతమేరకే వారసుడు బాధ్యుడన్న సూత్రం ఈ ప్రాంతంలో స్థిరపడింది. నేటి సివిల్ ప్రొసీజరు కోడు 52వ సెక్షను కూడా ఇదే సూత్రాన్ని చెబుతున్నది.

1875లో పూనా, అహమ్మదునగరు జిల్లాలలో రైతులు తిరగబడి సావుకార్ల పత్రాలు తగలబెట్టిన తరువాత, 1879లో దక్కను రైతుల ఉపశమన చట్టం వచ్చింది. పూనా, సతారా, అహమ్మదునగరులతోపాటు షోలాపూరు జిల్లాకు కూడా అది వర్తించింది. రైతును బాకీ డిక్రీ కింద జైలులో పెట్టకూడదని అందులో వున్నది. మంచిదే. కాని నేతగాడు రైతు కాడు గదా! కరీంనగరు, పాలమూరు, నల్లగొండల నుంచి వచ్చి ఇక్కడ మగ్గం గుంటలో కూర్చున్న మన పూర్వులకు ఆ చట్టం ఎండలో పక్కింటి నీడ వంటిది. ఒక్క సంగతిలో మాత్రం బొంబాయి ప్రెసిడెన్సీ మద్రాసుకంటె మేలు. హిందువుల అప్పు మీద వడ్డీ ఒక్కసారిగా అసలును మించి రాబట్టకూడదన్న దామ్‌దుపట్ న్యాయం ఇక్కడి కోర్టులలో చెల్లింది. మద్రాసు జిల్లాలలో అది చెల్లలేదు.

ఇక బీమా. 1818లో కలకత్తాలో ఓరియంటల్ కంపెనీ, 1829లో మద్రాసులో మద్రాసు ఈక్విటబుల్ మొదలైనప్పుడు అవి దొరల కోసం పుట్టినవి. దేశీయుల ప్రాణానికి బీమా చేయాలంటే ఎక్కువ ప్రీమియం అడిగేవారు. మన ప్రాణం తొందరగా పోతుందని వారి లెక్క. 1870లో మొదలైన బాంబే మ్యూచువల్ వారు దేశీయులకు కూడా మామూలు రేట్లకే పాలసీలిచ్చారు. 1884లో ప్రభుత్వంవారు తపాలా ఉద్యోగులకు బీమా పెట్టారు. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టి, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టిన తరువాత తెలుగు ఏజెంటు తెలుగులోనే నచ్చజెప్పే రోజులు వచ్చాయి.

బీమాను అందరూ మెచ్చుకోలేదు. మహాత్మాగాంధీగారు యౌవనంలో బొంబాయిలో పదివేల రూపాయలకు పాలసీ తీసుకొని, దక్షిణాఫ్రికాలో వుండగా మనసు మార్చుకొని ప్రీమియం కట్టడం మానివేసినట్లు తమ ఆత్మకథలో చెప్పుకొన్నారు. భార్యాబిడ్డలను రక్షించేది దేవుడుగాని కంపెనీ కాదన్నది ఆయన వాదం. మహాత్ముల తోవ వేరు. మిల్లులో స్పిన్నింగు ఖాతా గుమాస్తాకు అంత ధైర్యం ఎక్కడిది?

అయితే పాలసీ వున్నంత మాత్రాన ఆ డబ్బు ఇంటికి చేరుతుందన్న నమ్మకం లేదు. దీనికి మూడు అడ్డంకులుండేవి. మొదటిది వారసత్వపు సర్టిఫికెట్టు. 1889 చట్టం వచ్చిన తరువాత, పోయినవానికి రావలసిన బాకీని వారసులు కోర్టు ద్వారా రాబట్టాలంటే సర్టిఫికెట్టు కావాలి. దానికి దరఖాస్తు, స్టాంపు, వకీలు, వాయిదాలు. చిన్న పాలసీలో కొంత భాగం కోర్టు మెట్ల మీదనే రాలిపోయేది. రెండవది ఉమ్మడి కుటుంబపు తగాదా. ప్రీమియం కట్టింది ఉమ్మడి సొమ్ములోనుంచి కనుక పాలసీ కూడా ఉమ్మడిదేనని బావగారో మరిదో అడ్డం తిరిగేవాడు. 1937కు పూర్వం ఉమ్మడి ఆస్తిలో హిందూ వితంతువుకు భృతి తప్ప వాటా లేదు. కనుక పాలసీ ఉమ్మడిదని తేలితే ఆమెకు మిగిలేది రెండు పూటల తిండి, సంవత్సరానికి రెండు చీరెలు. మూడవ అడ్డంకి అప్పులవాళ్ళు. పాలసీ డబ్బు పోయినవాని ఆస్తి అయితే, ఆస్తి మీద మొదటి హక్కు ఋణదాతలది. భార్యాబిడ్డల కోసమని పదిహేనేళ్ళు కడుపు కట్టుకొని కట్టిన ప్రీమియం చివరకు సావుకారు ఇనప్పెట్టెలోకి పోయేది.

ఈ మూడింటికీ ఒకే మందు వంటి చట్టం 1874లోనే వచ్చింది. దానిపేరు వివాహిత స్త్రీల ఆస్తి చట్టం. అందులో 6వ సెక్షను ఏమన్నదంటే: వివాహితుడైన పురుషుడు తన ప్రాణం మీద తీసుకొన్న పాలసీ తన భార్య మేలుకోసమని, లేక భార్యాబిడ్డల మేలుకోసమని ఆ పాలసీ ముఖం మీదనే వ్రాసివుంటే, అది ధర్మకర్తృత్వపు సొమ్ము, అనగా ట్రస్టు అవుతుంది. అది భర్త అదుపులో వుండదు. అతని అప్పులవాళ్ళకు చిక్కదు. అతని ఆస్తిలో భాగం కాదు. అప్పులవాళ్ళను మోసగించాలన్న ఉద్దేశంతో తీసుకొన్న పాలసీ అయితే మాత్రం వారి హక్కు వారికి వుంటుంది. 1870లో ఇంగ్లండులో చేసిన ఏర్పాటునే ఇక్కడికి తెచ్చారు.

అయితే అదే చట్టం 2వ సెక్షనులో, పెండ్లినాటికి హిందూ, మహమ్మదీయ, బౌద్ధ, సిక్కు, జైన మతాలకు చెందిన స్త్రీలకు ఈ చట్టం వర్తించదని వ్రాసిపెట్టారు. ముందర విస్తరి వేసి, వెనకనుంచి లాగివేసినట్లయింది. దేశంలో నూటికి తొంభై తొమ్మిది మంది వివాహితలను పక్కన పెడితే ఆ చట్టం ఎవరికి? మన దేశంలోని క్రైస్తవులకు, పార్సీలకు, దొరసానులకు మాత్రమే.

ఈ ముడి విప్పింది మద్రాసు హైకోర్టు. విప్పించింది ఒక తెలుగు వ్యాజ్యం. లా రిపోర్టులలో అది బాలాంబ - కృష్ణయ్య కేసు అనే పేరుతో ప్రసిద్ధి. అంతకు రెండు మూడేళ్ళ ముందే అదే హైకోర్టు, పాలసీలో ఒకరి పేరు వ్రాసినంత మాత్రాన ఆ మనిషికి డబ్బు మీద హక్కు రాదని ఇంకొక వ్యాజ్యంలో చెప్పివున్నది. 1913లో ఈ ప్రశ్న ఫుల్ బెంచి ముందుకు వచ్చింది. 6వ సెక్షను మాట్లాడేది “వివాహితుడైన పురుషుని” గురించి. 2వ సెక్షను తీసివేసింది వివాహిత స్త్రీలను. కనుక హిందువు తీసుకొన్న పాలసీకి 6వ సెక్షను వర్తించడానికి అడ్డులేదని జడ్జీలు తేల్చారు. ఇది మాటల గారడీ అని ఎవరైనా అనవచ్చును. నా మట్టుకు నాకు అది న్యాయమూర్తులు దయతో చదివిన చదువుగా తోస్తుంది. ఒక్క అక్షరం మార్చకుండా, లక్షల కొలది ఇండ్లకు ఒక గోడ కట్టిపెట్టారు.

అయితే ఆ గోడ మద్రాసు ప్రెసిడెన్సీ పొలిమేరలలోనే నిలిచింది. మద్రాసు హైకోర్టు తీర్పు బొంబాయికి కట్టుబాటు కాదు. ఇక్కడ మనవంటి వలస కుటుంబాలకు ఏమి జరిగివుంటుందో ఊహించడానికి ఇద్దరు మనుషులను అనుకొందాము. ఇద్దరూ తెలుగువాళ్ళే. ఇద్దరికీ 1915లో తీసుకొన్న వెయ్యి రూపాయల పాలసీలు. ఇద్దరి పాలసీల మీదా “భార్య మేలుకోసం” అని వ్రాసివున్నది. ఇద్దరికీ తలా ఎనిమిది వందల అప్పు. ఒకడు బరంపురంలో గుమాస్తా, రెండవవాడు షోలాపూరు మిల్లులో జాబరు. 1918 శరదృతువులో దేశమంతటా ఇన్‌ఫ్లూయెంజా వచ్చి కోటికి పైగా మనుషులను తీసుకుపోయింది. ఈ ఇద్దరూ అందులో పోయారు. బరంపురం అప్పటికి గంజాం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1936లోగాని ఒరిస్సాలో కలవలేదు. కనుక గుమాస్తా భార్య వెయ్యి రూపాయలకూ హక్కుదారు. అప్పులవాడు గుమాస్తా వదలిన ఇత్తడి సామాను మీద వసూలు చేసుకోవలసిందే తప్ప ఆ డబ్బు జోలికి పోరాదు. షోలాపూరు జాబరు భార్యకు 6వ సెక్షను అండ లేదు. పాలసీ మీది అక్షరాలు ఒకటే, ఏడ్పు ఒకటే, భాష కూడా ఒకటే. మధ్యన వున్నది ప్రెసిడెన్సీ సరిహద్దు.

ఈ వైపరీత్యం తొలగడానికి పదేళ్ళు పట్టింది. 1923లో 6వ సెక్షనుకు సవరణ చేసి, హిందువులకు, మహమ్మదీయులకు, సిక్కులకు, జైనులకు అది వర్తిస్తుందని స్పష్టంగా వ్రాశారు. అందులో ఒక చిత్రమైన ఏర్పాటు వున్నది. మద్రాసులో 1913 డిసెంబరు 31 తరువాత తీసుకొన్న పాలసీలకు, మిగిలిన చోట్ల 1923 ఏప్రిలు 1 నుంచి తీసుకొన్న పాలసీలకు అని రెండు తేదీలు పెట్టారు. మద్రాసువారు ఫుల్ బెంచి తీర్పును నమ్ముకొని చేసిన పాలసీలను కాపాడడానికి ఇది అవసరమే. కాని ఆ రెండు తేదీల మధ్యన ఇటువైపున పోయినవారికి, ఇటువైపున పాలసీ తీసుకొన్నవారికి చట్టం ఏమీ చెప్పలేదు. ఈ రెండు తేదీలూ నేటికీ ఆ సెక్షనులో అలాగే వున్నాయి. ఎవరైనా తీసి చూడవచ్చును.

స్వదేశ సంస్థానాల సంగతి ఇంకా వెనుక. నైజాం ఇలాకాలో, మైసూరు రాజ్యంలో ఈ చట్టం లేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా అవి ‘బి’ తరగతి రాష్ట్రాలై వున్నందున అక్కడికి పోలేదు. 1959 విస్తరణ చట్టంతోగాని హైదరాబాదులో, కోలారులో, మైసూరులో వున్న తెలుగు గృహిణికి ఈ రక్షణ రాలేదు. బౌద్ధులకు కూడా అప్పుడే వర్తించింది. 1956లో నాగపూరులో అంబేద్కరుగారితో బౌద్ధం స్వీకరించినవారు మన మహారాష్ట్రలో ఎంతమందో తెలిసినవారికి ఈ చిన్న మాట విలువ తెలుస్తుంది. యానాంలో 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడి గనుక వారి న్యాయశాస్త్రమే వేరు. దాని జోలికి నేను పోను.

1923 సంవత్సరాన్ని కార్మిక కుటుంబాలు ఇంకొక కారణం చేత కూడా గుర్తుంచుకోవలసివున్నది. కార్మికుల నష్టపరిహార చట్టం ఆ ఏడాదే వచ్చింది. మిల్లులో పట్టీకింద పడి పోయినవాని పరిహారాన్ని యజమాని కమీషనరు వద్ద జమ చేయాలని, దానిని ఎవరూ జప్తుచేయరాదని అందులో వున్నది. 1925 ప్రావిడెంటు ఫండు చట్టం, తరువాత 1952 నాటి ఉద్యోగుల ప్రావిడెంటు ఫండు చట్టం కూడా ఇదే బాటన నడిచాయి. 1952 చట్టం 10వ సెక్షను ప్రకారం సభ్యుడు పోయిన తరువాత ఫండులోని మొత్తం అతడు చేసిన అప్పుల బాధ్యత అంటకుండా నామినీకి చేరుతుంది. అనగా మనిషి పోయిన తరువాత వచ్చే సొమ్మంతా ఒకే మూట కాదు. ఒక మూట మీద అప్పులవాడు చేయివేయవచ్చును, ఇంకొక మూట మీద వేయరాదు. ఈ తేడా తెలియక అన్ని మూటలూ ఒకచోట గుమ్మరించి, అందులోనుంచి వచ్చినవాడికల్లా ఇచ్చివేసిన కుటుంబాలు ఎన్నో.

నామినీ అనే మాటను 1938 ఇన్సూరెన్సు చట్టం 39వ సెక్షను తెచ్చింది. పాలసీదారు ఒకరి పేరు వ్రాసిపెడితే కంపెనీ సర్టిఫికెట్టు అడగకుండా వారికి డబ్బు ఇచ్చివేయవచ్చును. కోర్టు మెట్లు తప్పాయి. 1956లో 245 బీమా సంస్థలను కలిపి జీవిత బీమా కార్పొరేషను ఏర్పడిన తరువాత, ఊరూరా ఏజెంట్లు నామినీ గడి నింపించారు. దానితో ఒక అపోహ కూడా ఊరూరా వ్యాపించింది. నామినీగా పేరు వుంటే డబ్బు తనదేనని అందరూ అనుకొన్నారు. 1983 డిసెంబరులో సుప్రీం కోర్టు దానికి తెర దించింది. ఒకాయన పదేసివేల రూపాయలవి రెండు పాలసీలు వదలి, విల్లు వ్రాయకుండా 1967లో పోయాడు. నామినీ భార్య. తల్లి, కుమారుడు తమ వాటాల కోసం వ్యాజ్యం వేశారు. నామినీ అంటే డబ్బు పుచ్చుకొనే చేయి మాత్రమే, సొంతదారు కాదు, వారసులందరి హక్కూ దానికి వర్తిస్తుందని కోర్టువారు చెప్పారు. నామినీ చేతికి వచ్చిన సొమ్ము పోయినవాని ఆస్తే అయినప్పుడు అప్పులవాడికి కూడా దారి తెరిచినట్లే గదా. 6వ సెక్షను కింద వ్రాసిన పాలసీకి మాత్రం ఈ ఇబ్బంది లేదు.

2015 సవరణలో తల్లిదండ్రులు, భార్య లేక భర్త, బిడ్డలు నామినీలైతే ఆ సొమ్ము అనుభవించే హక్కు కూడా వారికే అని వ్రాశారు. ఇంతటితో తగవు తీరిందనుకొన్నారు. కాని 2025లో కర్ణాటక హైకోర్టు, ఈ సవరణ వారసత్వ చట్టాన్ని త్రోసివేయదని, వారసులు అడిగితే నామినీ పంచి ఇవ్వవలసిందేనని తీర్పు చెప్పింది. ఏ గట్టున ఏ న్యాయం అన్న పాత కథ ఇంకొక రూపంలో మొదలైనట్లు కనబడుతున్నది.

అప్పుల వైపున కూడా కాలం మారింది. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం, కొడుకు అన్న ఒక్క కారణంతో తండ్రి అప్పుకు అతని మీద దావా వేసే హక్కును తీసివేసింది. అంతకు ముందు చేసిన అప్పులకు మాత్రం పాత న్యాయమే. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ మితాక్షర న్యాయం ఒక ఉపవాక్యంతో ముగిసింది. ఆడపిల్లలకు ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన చట్టం కూడా అదే గనుక, ఆ హడావుడిలో ఈ మాటను గమనించినవారు తక్కువ.

చట్టాల చరిత్ర ఇట్లా వుండగా, ఇంటి గుమ్మంలో జరిగేది వేరే వున్నది. పదోనాటికో పదకొండోనాటికో పెద్దలు కూర్చుంటారు. మన కులపెద్దల, పేటపెద్దల ఎదుట పోయినవాని లెక్కలు విప్పే ఆచారం చాలచోట్ల వున్నది. అది మంచి ఆచారమే; దొంగ బాకీలు అక్కడనే రాలిపోతాయి. అయితే ఆ గుంపులోనే ఒకరు ఒక కొత్త ప్రోనోటు తీసి, “అమ్మా, నీకేమీ భయం లేదు, పాత పత్రం కాలదోషం పట్టబోతున్నది, ఊరికే తిరగవ్రాసిపెడదాము, నీ వీలుచూసుకొని ఇద్దువుగాని” అంటారు. నోట్లో మాటలేని స్థితిలో వున్న మనిషి సంతకమో వేలిముద్రో పెడుతుంది. అంతవరకు భర్త ఆస్తిమేరకే వున్న అప్పు ఆ సంతకంతో ఆమె సొంత అప్పుగా మారే ప్రమాదం వున్నది. యాజ్ఞవల్క్యుడు చెప్పిన “ఒప్పుకొన్నది” ఇదే! పాలసీ సొమ్మును చట్టం ఎంత బిగించి కట్టినా, సంతకం చేసిన చేయి ఆ ముడిని తానే విప్పి ఇస్తుంది. ఆ సభలో ఎవరైనా ఒక పెద్ద, “నెల రోజులు పోనీయండి, లెక్క వ్రాసి ఇవ్వండి, చూసి చెపుతాము” అని అడ్డంపడితే ఆ ఇల్లు నిలుస్తుంది. మన సంఘాలలో చదువుకొన్నవారు చేయగల పని ఇంతకంటె పెద్దది నాకు కనబడదు.

అప్పు ఎగవేయమని నేను చెప్పడం లేదు. భిశీ కట్టుకొనేవాళ్ళ డబ్బు, తోటి కార్మికుని చేబదులు, ఇంటి అద్దె, ఇవి పరువుతో కూడిన బాకీలు. వాటిని తీర్చాలని కుటుంబం అనుకోవడంలో గౌరవం వున్నది. తీర్చే బాధ్యత లేదని తెలిసికొని తీర్చడం వేరు, వున్నదని బెదిరిపోయి తీర్చడం వేరు. అదీగాక పోయినవానితో పాటు సంతకం చేసిన సహఋణస్థుడు, హామీ ఇచ్చిన స్నేహితుడు ఈ చరిత్రవల్ల ఏమీ తప్పించుకోలేరు. వారి మాట వారిదే. పాలసీనే బ్యాంకు పేర అసైను చేసి ఇంటి అప్పు తెచ్చుకొని వుంటే, ఆ అప్పుకు సరిపడే సొమ్ము మొదట బ్యాంకుకే పోతుంది. పాలసీ మీదనే కంపెనీవద్ద తెచ్చుకొన్న అప్పు కూడా మినహాయించుకొనే మిగిలినది ఇస్తారు. 1976లో సివిల్ ప్రొసీజరు కోడును సవరించి, బాకీదారు ప్రాణం మీది పాలసీ సొమ్మును డిక్రీ జప్తునుంచి తప్పించారుగాని, తానుగా చేసిన అసైన్మెంటును ఆ సవరణ చెరపదు.

ఇప్పుడు పాలసీ తీసుకొనేవారు 6వ సెక్షను రక్షణ కావాలంటే దరఖాస్తునాడే అడగాలి. దానికి వేరే ఫారం వుంటుంది. భార్య పేరు, బిడ్డల పేర్లు, ట్రస్టీల పేర్లు అందులో వ్రాయాలి. ట్రస్టీ లేకపోతే సొమ్ము రాష్ట్రపు అఫీషియల్ ట్రస్టీకి పోయి, అక్కడ వేరే జాప్యం. పాలసీ చేతికి వచ్చిన తరువాత ఈ రక్షణ చేర్చించడం కుదరదు. ఒకసారి వ్రాసినాక భర్త దానిని వెనుకకు తీసుకోలేడు, దాని మీద అప్పు తెచ్చుకోలేడు. ఈ కారణం చేతనే చాలమంది పురుషులు దానిని వద్దంటారు. ఏజెంట్లలో కూడా ఆ సంగతి ఎత్తేవారు అరుదు.

ఒక్క లోపం మాత్రం 1874 నుంచి నేటిదాకా అలాగే వున్నది. ఆ సెక్షను “వివాహితుడైన ఏ పురుషుడైనా” అని మొదలవుతుంది. షోలాపూరులో మగ్గం పడుకొన్న రోజులలో బీడీలు చుట్టి ఇల్లు నడిపినవారు మన తెలుగు ఆడపడుచులు. నేడు వారి కోడళ్ళు, మనుమరాండ్రు పొదుపు సంఘాల అప్పులు, బ్యాంకు అప్పులు తమ పేరనే తెస్తున్నారు, తమ పేరనే పాలసీలు కడుతున్నారు. అటువంటి తల్లి పోతే ఆమె బిడ్డలకు 6వ సెక్షను నీడ లేదు. వారికి వున్నది 2015 నాటి నామినీ సవరణ ఒక్కటే. దాని బలం ఎంతో ఇంకా కోర్టులలో తేలవలసివున్నది.